మా తూము దాటాక

రాత్రి పదకొండు దాటితే మా ఆఫీసులో ఒక సర్వీసు మందగించేది. పగలంతా బాగానే ఉండేది. అది చేసే పని చిన్నదే. ఒక ప్రశ్న వస్తుంది, మెమరీలో ఉన్న పట్టికల్లో వెతికి జవాబు పంపాలి, అంతే. సగటు చూస్తే ఏ లోపమూ కనిపించదు. కానీ నూటికి ఒకటో రెండో జవాబులు ఎప్పటికో వచ్చేవి. దాన్ని రాసిన అమ్మాయి చేరి ఏడాది కాలేదు, ఆ నెలలోనే ఆమె ప్రొబేషన్ తేలాలి. అదే సర్వర్ మీద రాత్రి పదకొండుకు మొదలయ్యే బ్యాచ్ జాబ్ నాది.

"అన్నా, నీ జాబ్ నడిచేటప్పుడే నాది ఆగుతోంది. ఒకసారి చూస్తావా?" అని అడిగింది. చూశాను. నా జాబ్‌కి కేటాయించిన కోర్లు వేరు, తన సర్వీసుకి కేటాయించినవి వేరు. "నా కోర్లలో నేను నడుపుకుంటున్నా. నీ కోర్లు నేను ముట్టట్లేదు. నీ కోడ్ చూసుకో" అన్నాను. అంతటితో ఆగినా బావుండేది. ఆ వారం మీటింగులో మేనేజర్ ముందు అదే మాట ఇంకొంచెం గట్టిగా అన్నాను.

రెండు వారాలు ఆ అమ్మాయి రాత్రిళ్ళు కూర్చుని కోడంతా తిరగరాసింది. తిరగరాసిన కోడ్‌ని సమీక్షించింది నేనే. వంక పెట్టడానికి ఏమీ లేదు. ఆ రాత్రి పదకొండు దాటాక మళ్ళీ అదే తంతు. అప్పుడు గానీ నాకు అనుమానం రాలేదు.

టాప్ కమాండ్ తెరిస్తే ఆమె కోర్లు నూటికి నూరుపాళ్ళు పనిచేస్తున్నట్టే కనిపించాయి. మనం మోసపోయేది ఇక్కడే. మెమరీ నుంచి రావాల్సిన డేటా కోసం కాచుకుని కూర్చున్న కోర్‌ని కూడా టాప్ పనిలో ఉన్నట్టే లెక్కేస్తుంది. ఎసరు పెట్టి బియ్యం కోసం ఎదురుచూస్తున్న మనిషిని 'వంట చేస్తోంది' అని రాసుకున్నట్టు.

మా సర్వర్‌లో ఒక్కో ప్రాసెసర్‌కి 20 కోర్లు. ఎల్1, ఎల్2 క్యాష్‌లు ఏ కోర్‌వి ఆ కోర్‌కే. కానీ ఎల్3 అందరికీ ఉమ్మడి, 27.5 మెగాబైట్లు. కావలసింది అందులో దొరికితే సుమారు ఇరవై నానోసెకన్లలో పని అయిపోతుంది. దొరక్కపోతే బయటి మెమరీకి పోవాలి, దానికి నాలుగైదు రెట్లు పడుతుంది. ఆ మెమరీకి పోయే దారి కూడా అందరిదీ. కోర్లు పంచుకున్నాం కదా, ఇంకేముంది అనుకున్నాను నేను. గోడలు కట్టుకున్నాం గానీ బావి ఒక్కటేనన్న సంగతి మర్చిపోయాను.

ఎవరు ఎంత తోడుకుంటున్నారో చూసే వీలు ఇంటెల్ తన సర్వర్ ప్రాసెసర్లలో 2014 నుంచి పెట్టింది. తర్వాత క్యాష్‌ని పంచే వీలు, 2017లో మెమరీ బ్యాండ్‌విడ్త్‌కి పగ్గం వేసే వీలు వచ్చాయి. లైనక్స్ కెర్నెల్‌లోకి 4.10 నుంచి ఇదంతా రెస్‌కంట్రోల్ పేరుతో చేరింది. ఒక ఫోల్డర్ సృష్టిస్తే ఒక వర్గం, అందులో స్కీమాటా అనే ఫైల్‌లో వాటా రాస్తే పంపకం. అదే పని సులువుగా చేసిపెట్టే కమాండ్ పీక్యూఓఎస్. ఆ రాత్రి దాన్ని నడిపాను. సెకనుకోసారి పట్టిక మారుతూ వచ్చింది. ఒక్కో కోర్‌కి ఒక వరుస: సైకిల్‌కి ఎన్ని ఇన్‌స్ట్రక్షన్లు, ఎన్ని మిస్సులు, ఎల్3లో ఎన్ని కిలోబైట్లు, మెమరీ నుంచి సెకనుకి ఎన్ని మెగాబైట్లు.

పదకొండు ముందు ఎల్3లో ఎక్కువ భాగం ఆమె కోర్లదే. పదకొండు కొట్టాక నా కోర్ల అంకెలు పైకి, ఆమెవి కిందికి. రెండు మూడు సెకన్లలో అయిపోయింది. ఆమె మిస్సులు పెరిగాయి, సైకిల్‌కి నడిచే ఇన్‌స్ట్రక్షన్లు సగానికి పడిపోయాయి. సిగ్గుపడాల్సిన సంగతి ఇంకొకటుంది. నా జాబ్ పెద్ద పెద్ద ఫైళ్ళని మొదట్నించి చివరిదాకా ఒక్కసారి చదివి వదిలేస్తుంది. చదివింది మళ్ళీ ముట్టదు. క్యాష్ ఉన్నా లేకున్నా దానికి పెద్ద తేడా లేదు. నాకు పనికిరాని చోటంతా నేను ఆక్రమించుకుని, ఆమె ప్రతి క్షణం వాడుకునే పట్టికల్ని బయటికి తోశాను.

మా పొలం సాగర్ ఎడమ కాలువ కింద, మేజర్ మొదట్లోనే. నీళ్ళు వదిలిన పూటే మా మడి నిండేది. ఎండాకాలం పంటకి చివరి పొలాల వాళ్ళు లస్కర్‌ని వెంటబెట్టుకుని మా గట్టు మీదికి వచ్చేవాళ్ళు. నాయిన అనే మాట నాకింకా గుర్తే: "మా తూముల నుంచి పారేదే మేం పెట్టుకుంటున్నం. మీ నీళ్లు మేమేం ముట్టలే." అది అబద్ధం కాదు. ఆ అమ్మాయితో నేనన్నదీ అబద్ధం కాదు.

ఇక పంపకం. మా ప్రాసెసర్‌లో ఎల్3 పదకొండు భాగాలు, పదకొండు బిట్లు. ఒక్కో బిట్‌కి రెండున్నర మెగాబైట్లు. వాటాలోని బిట్లు పక్కపక్కనే ఉండాలి, మధ్యలో ఖాళీ వదలకూడదు. నా జాబ్‌కి చివరి రెండు బిట్లు రాశాను, మిగతా తొమ్మిదీ వాళ్ళకి. షట్టర్ దించగానే మడిలో నీరు ఇంకిపోదు కదా, ఇక్కడా అంతే. వాటా తగ్గించినా అంతకుముందు నేను నింపినవి అక్కడే ఉంటాయి. కొత్తవి నింపడానికే అడ్డు. ఆమె డేటా వచ్చి ఒక్కొక్కటే వాటిని తోసుకుంటూ పోవాలి.

పరిస్థితి మెరుగైంది గానీ పూర్తిగా కాదు. నా జాబ్ మెమరీ దారిని ఇంకా అడ్డగించే ఉంది. బ్యాండ్‌విడ్త్‌ని పది శాతం మెట్లలో తగ్గించుకుంటూ పోయాను. దీన్ని కొలిచి పోసే శేరులా అనుకోకూడదు. యాభై అని రాస్తే సరిగ్గా సగమే పారుతుందని కాదు, కోర్ నుంచి వెళ్ళే అభ్యర్థనల్ని అంతమేర ఆలస్యం చేస్తుంది. ఒక మెట్టు తగ్గించడం, పట్టిక చూడడం, మళ్ళీ తగ్గించడం. నలభై దగ్గర ఆమె సర్వీసు పగటిపూట ఎలా ఉంటుందో అలా నిలబడింది.

దీనికి వెల ఉంది. మూడున్నరకల్లా ముగిసే నా జాబ్ ఇప్పుడు అయిదు దాటుతోంది. రిపోర్టు ఆరింటికి అందాలి. ఒకరోజు డేటా ఎక్కువొస్తే మాట పడేది నేనే. ఆ సంగతి రాసి, రెండు పట్టికలూ జతచేసి, కోడ్‌లో తప్పు లేదని, మీటింగులో నేనన్నది తప్పని మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. అందులో ఆ అమ్మాయినీ చేర్చాను. ఆమె ప్రొబేషన్ తేలింది, ఉద్యోగం నిలిచింది. తిరగరాసిన ఆ రెండు వారాల గురించి నాతో ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒక్కటే అడిగింది: "అన్నా, ఆ కమాండ్ నాక్కూడా నేర్పిస్తావా?"

ఆ ఆదివారం నాయినకి ఫోన్ చేసి, అప్పట్లో చివరి పొలాలకి నీళ్ళు అందేవా అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"మన తూము దాటినంక మనకేం ఎరుక బిడ్డా," అన్నాడు. "ఎన్నడూ పోయి చూడలే."