చిన్న బండి, చాలిన సంతోషం



2008లో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమైన తరువాత మా రాజేంద్రనగర్ దారుల్లో పెద్ద కార్లు ఎక్కువయ్యాయి. "అయ్యగారూ, అప్పు చేసైనా పెద్ద బండి కొనండి, సంఘానికి గౌరవం" అని కొందరు ప్రేమతో అంటుంటారు.

నాది 2009లో సెకండ్ హ్యాండులో కొన్న మారుతి జెన్. 1993లో వచ్చిన ఈ మోడలు తయారీ 2006లో ఆగిపోయింది. ఇంజను 993 సీసీయే గాని, బండి తేలిక గనుక గేరు మార్చగానే జింకపిల్లలా దూకుతుంది. ఆరాంఘర్ దగ్గర పి.వి. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కుతుంటే నాకు ఇప్పటికీ చిన్నపిల్లవాని సంతోషమే!

15 ఏళ్ళు నిండిన సొంత కారును తనిఖీ చేయించి, 5 ఏళ్ళకొకసారి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. వేళకు ఇంజనాయిలు మార్చి, టైర్లలో గాలి చూసుకుంటే బండి మన మాట వింటుంది. నెలనెలా వాయిదాల భారం లేదు గనుక, అర్ధరాత్రి ఏ సహోదరికి నొప్పులు మొదలైనా పెట్రోలు లెక్క చూడకుండా ఆసుపత్రికి బయలుదేరగలుగుతున్నాను.

అరణ్యంలో 40 ఏళ్ళు దేవుడు తన ప్రజలకున్న బట్టలనే చిరగకుండా నిలిపాడు. అదీ ఆశీర్వాదమే. ఇంట పాత సైకిలో, పొలంలో పాత ట్రాక్టరో ఉన్నవారలారా, పొరుగువాని బండి చూచి అప్పులపాలు కాకండి. ఉన్నదానిని కాపాడుకొని, అవసరతలో ఉన్నవారికి వాడండి. అట్టి తృప్తిని ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.