అంగడి మాటలు



భాషను నేర్పు తావులు రెండు గలవు. ఒకటి పాఠశాల, రెండవది అంగడి. మొదటిదానియందు వ్యాకరణమును, రెండవదానియందు వ్యవహారమును అలవడును. 'అంగడి' యను మాటనే చూడుఁడు. మనము దానిని నిత్యము వాడుదుము. కోస్తా జిల్లాలవారు 'కొట్టు' అందురు. తెలంగాణమువారు 'దుకాణము' అందురు.

మన సోమందేపల్లిలో ఎఱ్ఱగడ్డలు, ఉర్లగడ్డలు, శెనక్కాయలు, బొరుగులు అమ్ముదురు. ఇవియే కృష్ణాతీరమున ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, వేరుసెనగకాయలు, మరమరాలు. హైదరాబాదునకుఁ బోయినచో ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు, పల్లీలు అని యడుగవలెను. హిందూపురము దాఁటినఁ గన్నడసీమ చేరువయే గనుక మన 'దుడ్డు' అను మాట అచ్చటను జెల్లును. మాటలకుఁ బొలిమేరఱాళ్లు లేవు గదా!

ఒక్కొక్కచో మాట యొకటే యైనను అర్థము మాఱును. మనకు 'అవ్వ' యనఁగా అమ్మకో నాయనకో తల్లి. తెలంగాణమునఁ బలుచోట్లఁ గన్నతల్లినే 'అవ్వ' యందురు. ఇది తెనుఁగునకు మాత్రమే కలిగిన వింత కాదు. స్పానిషు భాషలో 'గ్వాగ్వా' యను పదము గలదు. క్యూబాలో దానికి బస్సు అని యర్థము. చిలీదేశమునఁ బసిబిడ్డ యని యర్థము. అయినను ఇరువురిదియు స్పానిషే.

మన పాఠశాలలోఁ జదివి పైచదువునకుఁ బట్టణమేఁగిన బాలిక యొకతె సెలవులలో నాతో నొక సంగతి చెప్పినది. అవ్వ ఫోను చేసినపుడు, తోడివారు నవ్వుదురని, ఆమె గది వెలుపలికిఁ బోయి మెల్లగా మాటలాడునఁట. ఆ మాట విని నా మనసు కలఁగెను. పెంచిన నోటిపలుకు దాఁచుకొనవలసిన వస్తువా?

భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల వాడుకలోని వ్యవసాయపదములను ప్రాంతములవారీగాఁ గూర్చి, 1962లో మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటమును వెలువరించిరి. పండితులు వెదకి గ్రంథస్థము చేసిన పలుకులు మన యింట నూరక దొరకుచున్నవి. ఈ సంగతియే ఆ బాలికకుఁ జెప్పితిని.

పరీక్షలో గ్రంథభాష వ్రాయుఁడు, అది యవసరమే. కాని దానికొఱకు ఇంటిమాటను విడువఁబనిలేదు. ఈ సెలవులలో మీ అవ్వతాతల నోట విన్న యిరువది మాటలను అర్థములతో వ్రాసి తెండు. తలిదండ్రులు ఇందుకుఁ దోడ్పడుదురుగాక. క్రొత్తగాఁ జేరిన పిల్లవాఁడు మన యెఱుఁగని మాట పలికినపుడు నవ్వక, 'మీ యూర దీనినేమందురు?' అని యడుగుఁడు. ఆ ప్రశ్నచే మీకొక మాటయు, వానికొక స్నేహితుఁడును లభించును.