గజ్జ నొప్పి

ఈ సంచికకేదైన వ్రాసి యిమ్మని సంపాదకులు కోరినపుడు గజ్జలో వచ్చు నొప్పినిగూర్చి వ్రాయుదునంటిని. వారు నవ్విరి. తలనొప్పి యని పదిమందిలో చెప్పుకొనువారే గాని, గజ్జలో నొప్పి యని నోరు విప్పి చెప్పిన బాలుని నేను చూచి యెఱుగను. ఆ సిగ్గే యీ వ్యాసమునకు కారణము.

నేను చదువుకొను దినములలో చెడుగుడు ఆడుచుంటిని. ఒకనాడు అవతలి జట్టువానిని తాకి మరలుచుండగా మఱియొకడు నా కాలు పట్టెను. ఒక కాలు వాని చేతిలో నుండగా రెండవకాలు గీతకై సాచితిని. తొడ మొదట, లోపలివైపున, ఏదియో చిటుక్కుమనెను. ఆ రాత్రి ప్రక్కకు దొరలుట కష్టమయ్యెను. దగ్గినను పోటే, మెట్టెక్కినను పోటే. మా నాయనమ్మ ఆముదము రాచి ఇసుకమూటతో కాపడము పెట్టెను. గాయమైన మొదటి ఒకటి రెండు దినములు వేడికంటె చల్లని గుడ్డయే మేలని నేటి వైద్యులందురు. అయినను హాయిగా నుండెడిది. ఆ హాయి ఇసుకలోనిదో, ఆమె చేతిలోనిదో చెప్పజాలను.

తొడలను దగ్గరకు చేర్చు కండరములు పొత్తికడుపు దిగువనున్న యెముకను పట్టుకొని తొడయెముకవఱకు వ్యాపించి యుండును. పరుగులో నకస్మాత్తుగా మలుపు తిరిగినను, కాలు దూరముగా సాచినను, బంతిని బలముగా తన్నినను వాని మొదలు బెణకును, ఒక్కొక్కపుడు చినుగును.

ఇట్టి నొప్పి మానుటకు మర్దనమును విశ్రాంతియు చాలునని చాలకాలము తలంచిరి. డెన్మార్కు దేశపు వైద్యుడు హోల్మిక్ గారును వారి సహచరులును 1999వ సంవత్సరమున లాన్సెట్ పత్రికలో నొక పరిశోధనను ప్రకటించిరి. చిరకాలముగా గజ్జ నొప్పితో బాధపడుచున్న 68 మంది క్రీడాకారులను రెండు సమభాగములు చేసి, ఒక భాగమువారికి మర్దనము, విద్యుచ్చికిత్స మొదలగునవియు, రెండవవారికి కండరములకు బలము గూర్చు వ్యాయామమును ఇచ్చిరి. వ్యాయామము చేసినవారిలో 23 మంది నొప్పి లేక పూర్వమువలె నాడగలిగిరి. మొదటి భాగములో నలుగురే! ఆ వ్యాయామములలో మొదటి రకమునకు చెందిన దొకటి మిక్కిలి సులభము. వెల్లకిల పరుండి, మోకాళ్ల నడుమ ఫుట్‌బాలు నుంచి, 30 సెకనులు నొక్కిపట్టి విడువవలెను, ఇట్లు పదిమారులు. క్రమముగా కఠినమైనవి చేయుచు 8 మొదలు 12 వారములు గడపవలెను. బంతిని నొక్కుట కష్టము కాదు, వారములు లెక్కించుటయే బాలురకు కష్టము. పరుగెత్తగలిగినంతనే నయమైనదనుకొందురు.

అన్ని గజ్జ నొప్పులును కండరమువి కావు. కాలికి పుండు పడిన గజ్జలో బిళ్ళ కట్టుట పల్లెలో నెల్లరెఱుగుదురు. పుండు మానిన నదియు నణగును, అణగనిచో వైద్యునకు చూపవలెను. దగ్గినపుడు ఉబ్బి, పరుండినపుడు లోనికి పోవు గడ్డ ఆంత్రవృద్ధి. ఏ తైలమును దానిని మాన్పదు. ఇటలీ దేశపు శస్త్రవైద్యుడు బాసినీ 1887లో వెల్లడించిన పద్ధతి తరువాత దాని శస్త్రచికిత్స యెంతయో బాగుపడినది. ఇక ఎదుగు వయసున కుంటుచు, గజ్జలోనో మోకాలిలోనో నొప్పి యను బాలునకు తుంటికీలును ఎక్స్‌రే తీయింపవలెను. తొడయెముక తల తన చోటునుండి జారుట యా వయసున కలదు. మోకాలికి తైలము రాచుచు నెలలు గడపు తల్లిదండ్రులు కలరు, పాపము! బాధ యొకచోట, చికిత్స వేఱొకచోట.

వీనియన్నిటికంటె త్వరపడవలసిన దొకటి కలదు. కొన్నియేండ్ల క్రిందట నేనెఱిగిన యొక వసతిగృహమున పదునాలుగేండ్ల బాలుడు నడిరేయి లేచి కడుపునొప్పి యనెను. రెండుమార్లు వాంతియయ్యెను. వంటవాడు అజీర్ణమని వాము నీళ్లు కాచి తెచ్చెను. బాలుడు మారుమాట లేక త్రాగెను. ప్రక్క మంచముమీది మిత్రుడు మాత్రము వార్డెనుగారి చెవిలో, "అయ్యా, నొప్పి కడుపులో కాదు, ఇంకను క్రింద. వాడు చెప్పుటకు సిగ్గుపడుచున్నాడు" అనెను. వార్డెనుగారు తెల్లవారువఱకు వేచియుండలేదు. వృషణము మెలిపడి రక్తప్రసారము నిలిచినచో, సాధారణముగా ఆరు గంటలలోపల మెలిక విప్పిననే యది దక్కును. ఆలస్యమైనకొలది ఆశ తగ్గును. పండ్రెండు మొదలు పదునెనిమిదేండ్ల బాలురలో నిది యెక్కువ. నొప్పి గజ్జలోనో పొత్తికడుపులోనో తోచుటయు నుండుటచే పెద్దలు పొరబడుదురు. ఆ రాత్రి నాలుగు గంటలు గడువకమునుపే శస్త్రచికిత్స జరిగెను. వృషణము దక్కెను.

తన రహస్యము బయటపెట్టినాడని ఆ బాలుడు మిత్రునితో వారము దినములు మాటలాడలేదు. ఎనిమిదవనాడు కాబోలు, ఇరువురు నొకే మంచముమీద కూర్చుండి లెక్కలు చేసికొనుచుండగా చూచితిని.