పిన్నికి మేం పెట్టిన అయిదు నిమిషాల క్లాసు

చాలా రోజుల నుంచి రాయాలనుకుంటున్నాం, సెమిస్టర్ పరీక్షలు అయ్యాక ఇప్పటికి కుదిరింది. మేమంటే ముగ్గురం. పాడేరు ఏజెన్సీలో పక్కపక్క ఊళ్ల వాళ్లం, విశాఖలో ఒకే హాస్టల్, ఒకే రూమ్. మూడిళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాలో ఒకరి అమ్మ ఆశా కార్యకర్త. మిగతా ఇద్దరం పిన్ని అంటాం, ఇక్కడా అలాగే రాస్తాం.

పిన్నికి ట్రైనింగ్ అంటే వరసగా అయిదు రోజులు. జీపెక్కి మండలానికి పోయి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోవాలి. పుట్టిన బిడ్డ బరువు ఎలా తూయాలి, ఒంటి వేడి ఎలా చూడాలి, ఊపిరి ఎలా లెక్కపెట్టాలి, ఏ గుర్తు కనిపిస్తే ఆసుపత్రికి పంపాలి. అన్నీ పనికొచ్చేవే. మేడం బాగానే చెప్పారట. కానీ చెప్పింది పుస్తకం తెలుగులో. పిన్నికి ఇంట్లో మాట కువి, సంతలో మాట తెలుగు. మూడో రోజుకే మొదటి రోజుది పోయిందని తనే చెప్పింది.

నెల తర్వాత మీటింగులో లేపి అడిగారు: పసిబిడ్డ ఊపిరి నిమిషానికి ఎంత ఉంటే ప్రమాదం? పిన్ని 40 అంది. అది ఏడాది దాటిన పిల్లల లెక్క. రెండు నెలల్లోపు బిడ్డకు 60, ఆపైన. పక్కనున్నవాళ్లు నవ్వారు. "అయిదు రోజులు భోజనం పెట్టి నేర్పితే ఇదేనా" అన్నారు పెద్దసారు. ఆ రాత్రి ఫోన్ చేసి పిన్ని ఒక్కటే మాట అంది: "మానేస్తానమ్మా. నావల్ల ఏ బిడ్డకైనా ఏమైనా అయితే?"

దసరా సెలవులకు వెళ్లి మేమే నేర్పేద్దాం అనుకున్నాం. చదువుకున్నోళ్లం కదా! ఆమె పుస్తకం మొత్తం నోట్సు రాసి రెండు రోజులు కూర్చోబెట్టి చదివి వినిపించాం. రెండోరోజు మధ్యాహ్నం పిన్ని గోడకు ఆనుకుని నిద్రపోయింది. లేచాక "మీకంటే ఆ మేడమే నయం, టీ ఇచ్చింది" అంది. సిగ్గేసింది. మీటింగులో ఆమెను నవ్వినోళ్లు చేసిందే మేమూ చేశాం.

మాలో ఒకరికి డిగ్రీలో సైకాలజీ ఉంది. అందులో ఎబ్బింగ్‌హాస్ అనే జర్మనీ ఆయన గురించి వస్తుంది. అర్థంలేని అక్షరాల వరసలు తనే బట్టీ పట్టి, ఎంత మర్చిపోతున్నాడో తనే కొలుచుకుని 1885లో పుస్తకం వేశాడు. ఒకే రోజు 68 సార్లు చదివితే ఎంత నిలిచిందో, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివితే అంతే నిలిచిందట. ఆయనవి ఉత్త అక్షరాలు, పిన్నివి ప్రాణాలు. అయినా ఫోన్లో ఈ సంగతి చెప్పాం. పిన్ని వెంటనే "అంటే మేం బాలింత ఇంటికి పోయే రోజుల్లాగా" అంది.

మాకు తట్టనే లేదు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో చూడాలి. ఇంట్లో పుడితే మొదటి రోజు కూడా. మొదట దగ్గర దగ్గరగా, తర్వాత ఎడంగా. మా పాఠాలకూ అవే రోజులు పెట్టుకున్నాం.

రాత్రి అన్నం తిన్నాక పిన్ని సిగ్నల్ దొరికే చింతచెట్టు దగ్గరికి వచ్చేది. అయిదు నిమిషాలే. మేం పాఠం చెప్పం, అడుగుతాం. "వారం బిడ్డ. ఊపిరి 64 వచ్చింది. ఏం చేస్తావు పిన్నీ?" "ఇంకోసారి నిమిషమంతా లెక్కపెడతా. మళ్లీ 60కి తగ్గకపోతే పంపిస్తా." తప్పు చెప్పిన ప్రశ్న మర్నాడే మళ్లీ. సరిగ్గా చెప్పింది మూడో రోజుకు, ఏడో రోజుకు పోయేది. జవాబు ముందు కువిలో చెప్పి తర్వాత తెలుగులో చెప్పేది. అట్లయితేనే నిలుస్తోందని తనే కనిపెట్టింది.

ఫోన్లో కానివి కానే కావు. సంక్రాంతికి వాళ్ల తమ్ముడి బిడ్డ ఊపిరి అందరం లెక్కపెట్టాం. మాకు ఒక్కొక్కరికి ఒక్కో అంకె. "ఏడుస్తున్నప్పుడు లెక్కేస్తే ఎట్లా? నిద్రపోనీండి, పొట్ట మీద చూపు పెట్టండి" అని పిన్ని మమ్మల్నే కూర్చోబెట్టింది.

ఫిబ్రవరిలో 14వ రోజు బిడ్డకు 68 వచ్చింది, రెండోసారి 66. సంత అయ్యాక చూద్దామన్నారు ఇంట్లోవాళ్లు. పిన్ని ఒప్పుకోలేదు. రోడ్డు దాకా మోసుకెళ్లి 108 ఎక్కించింది. ఆ పిల్ల ఇప్పుడు బోర్లా పడుతోంది. మా ఫోన్ల వల్లే అని మేం అనం, ఆమెకు ఏళ్ల అనుభవం ఉంది. కానీ ఆ రోజు అంకె దగ్గర తడబడలేదని మాత్రం పిన్ని చెప్పింది.

ఒక భయం కూడా రాయాలి. చిన్న పాఠాలు చాలంటే, "అయితే వీడియో పంపుతాం, రాత్రి ఇంట్లో చూసుకోండి" అని ట్రైనింగ్ రోజుల డబ్బులు ఎగ్గొట్టేవాళ్లు ఉంటారు. పిన్ని అయిదు రోజులూ తీసేయమనలేదు. మిగతా ఆశాలను కలిసేది అక్కడే అంటుంది. రెండు రోజులు అక్కడ, మిగతాది పంచి నెలనెలా మీటింగులో పది నిమిషాలు, దానికీ లెక్క కట్టి డబ్బులు. ఇది ఆమె మాట, మాకూ సబబే అనిపించింది.

మా దగ్గర ఇప్పటికి 22 ప్రశ్నలు ఉన్నాయి, పిన్ని పుస్తకంతో సరిచూసినవి. కువిలో ఆమే రికార్డు చేస్తానంది. కోయ, సవర, ఆదివాసీ ఒరియాలో చెప్పగలిగేవాళ్లు, ఇంట్లో ఆశా అమ్మలో అక్కలో ఉన్నవాళ్లు మాకు చెప్పండి. రాత్రి ఎనిమిది తర్వాత మాత్రం వద్దు, అది పిన్ని ఫోన్ టైం.