పైపొర

ఈ తొలకరిలో నా వ్రాతబల్ల మూలను పైపొర గోరంత లేచినది. చూచినవారెల్లరు జిగురు పూసి ఇటుక బరువుంచుమనుచున్నారు. నేనేమో ప్రతి ఉదయము కాఫీ త్రాగుచు దానిని గోటితో మరికొంచెము లేపుచున్నాను.

ఆ బల్ల పూర్వాశ్రమమున మా ఇంటి తలుపు. కొల్లాపురము దిగువన కృష్ణయొడ్డుననున్న మా ఊరు శ్రీశైలము జలాశయమున మునుగునని తేలిన ఏడు, నాయన గోడలను నీటికి విడిచి, టేకు తలుపురెక్కలను, నాలుగు దూలములను మాత్రము ఎడ్లబండికెక్కించుకొని వచ్చెను. చాలకాలము అవి గొడ్లకొట్టమున పడియుండగా, పిమ్మట నేను పాలమూరులో ఒక వడ్రంగికి అప్పగించితిని. పాతకలపలో విరిగిన మేకు దాగియున్నచో రంపపు పండ్లూడును; కావున అతడు అయస్కాంతమును పలకపై వైద్యుడు గుండె పరీక్షించునట్లు త్రిప్పుచు, టక్కున అంటుకొన్నచోటనెల్ల సుద్దతో గుర్తుపెట్టెను. అంతవరకు అతడు నాకు దేవుడు. కాని మేకుబెజ్జములు అతనికి అవమానముగా తోచెను కాబోలు, నేను ఊరికి పోయివచ్చునంతలో బల్లంతట జిట్టేగి వెనీరు అతికించి, మెరుగుపెట్టి, “చూడుండ్రి సారూ, కొత్త పెండ్లికొడుకు లెక్క లేదా?” అనెను.

వెనీరన్న నాకు ద్వేషము లేదు. ఒకే దుంగనుండి వరుసగా చీరిన పలుచని పొరలు రెంటిని తెరచిన పుస్తకపు పుటలవలె పరచినప్పుడు, చారలు అద్దమున చూచుకొన్నట్లు ఎదురుపడుట కన్నవారు దానిని నకిలీ అనజాలరు. ఈజిప్టు రాజుల సమాధులలోని సామానులకును ఇట్టి అతుకుపొరలు కలవు. కాని మావాడు పొరచారలను పలకచారలకు అడ్డముగా అతికించెను. కలప ఎండకు కుంచించుట, వానకు ఉబ్బుట చారలకు అడ్డముగానే కాని, చారల వెంబడి దాదాపు కదలదు. పాలమూరు వేసవికిని ముసురుకును నడుమ ఆ పెనుగులాటలో జిగురెంతకాలము నిలుచును?

కూడవెల్లి సంగమేశ్వరుడు అదృష్టవంతుడు. మా ఊరిని ముంచిన ఆ జలాశయపు భయమునకే ఆయన గుడిని రాయిరాయిగా విప్పి, ఆలంపురమునకు తెచ్చి, మరల నిలిపిరి. అక్కడికి పోయినప్పుడెల్ల గోడల యెదుట నిలిచి, ఏ రాతి అంచుననైన విప్పినవారి గుర్తు మిగిలెనా యని వెదకుట నాకలవాటు. మా ఆవిడ ప్రదక్షిణములు ముగించి ప్రసాదము తినుచు కూర్చుండును.

మా తలుపుకు గుర్తు ఒక్కటే: ఎడమ రెక్క వెనుక, రాత్రి పొలమునుండి వచ్చి నాయన అంగీ తగిలించు మేకు. నిన్నటికి పొర రెండంగుళములు వచ్చినను దాని బెజ్జము కనబడలేదు. రెక్కను తిరగవేసి బిగించెనేమోనని అనుమానము తోచి, ఈ ఉదయము బల్లక్రిందికి దూరితిని.