పాలు మనవి, క్రీము ఎవరిది?

ఈరోజు పోస్టులో ఎరువుల్లేవు, మందుల్లేవు. పుట్టినరోజు కేకు ఇంట్లో ఎలా చేసుకోవాలో రాస్తున్నా. నవ్వుకోండి పర్లేదు గానీ మధ్యలో ఆపకండి, ఇందులో మన పాడి లెక్క ఉంది.

పాల కేంద్రం దగ్గర మనం ఎలా ఉంటామో మీకు తెలిసిందే. వెన్న శాతం 7 వస్తుందనుకుంటే 6.7 చూపించిందా, "మళ్ళీ టెస్టు పెట్టు" అని అక్కడే నిలబడిపోతాం. నిలబడాలి కూడా, ఆ పాయింట్లలోనే దాణా డబ్బులున్నాయి. అదే మనం పిల్లల పుట్టినరోజు వచ్చిందంటే టౌనుకి పోయి, అడిగినంత ఇచ్చి కిలో కేకు పట్టుకొస్తాం. దానిమీద తెల్లగా నురగలా ఉండేదాన్ని క్రీము అంటాం. అందులో వెన్న శాతం ఎంత అని ఎప్పుడన్నా అడిగామా అన్నా?

చాలా బేకరీల్లో వాడే దాంట్లో పాల వెన్న ఉండదు. డబ్బా మీద "నాన్ డైరీ" అని రాసే ఉంటుంది. అంటే పాలది కాదని వాళ్ళే చెబుతున్నారు, మనమే చదవం. నీళ్ళు, చక్కెర, గట్టిపరిచిన వంటనూనె, ఎక్కువగా పామ్ గింజల నుంచి తీసింది. కొన్నింట్లో పాల ప్రొటీను కాస్త కలుపుతారు, అంతే. పామాయిల్ తోటలున్న అన్నలు కోప్పడకండి, మీ పంటను తక్కువ చేయడంలేదు. బేకరీ వాళ్ళనూ అననక్కర్లేదు. మన ఎండలకి అసలు క్రీము కారిపోతుంది, ఆ నూనె క్రీము మాత్రం రోజంతా పువ్వులా నిలబడుతుంది. వాళ్ళ అవసరం వాళ్ళది. పాడి చేసే మనింట్లో దాన్ని పాల క్రీమనుకుని తినడమే నాకు మింగుడుపడలేదు.

ఇంకోటి కూడా చెప్పాలి. కేకు మీద ఎర్రగా మెరిసే చెర్రీ పండు ఉంటుంది చూడండి, పిల్లలు దానికోసం కొట్టుకుంటారు. చాలాసార్లు అది వాక్కాయే. మన కంచెల్లో కాసే వాక్కాయ. గింజ తీసి, రంగేసి, పాకంలో నానబెడతారు. టూటీఫ్రూటీ అయితే పచ్చి బొప్పాయి ముక్కలు. వాక్కాయ పప్పు పెడితే ముఖం తిప్పుకునే పిల్లలు చెర్రీ అంటే ఎగబడతారు.

సరే, పనిలోకి వద్దాం. కిలో కేకుకి క్రీము 400 గ్రాములు సరిపోతుంది. గిలక్కొడితే నిలబడాలంటే అందులో వెన్న 35 శాతం దాకా ఉండాలి. మన గేదె పాలు 7 శాతం వేసుకుంటే, రెండు లీటర్లలో 140 గ్రాముల వెన్న. అంటే రెండు లీటర్ల పాలతో కేకు క్రీము అయిపోయినట్టే. పైగా వెన్న తీసిన పాలు ఎక్కడికీ పోవు, తోడేస్తే పల్చటి పెరుగవుతుంది.

పాలు పిండిన వేడి మీదే క్రీము తీసే మిషనులో వేయించండి, గోరువెచ్చగా ఉంటేనే బాగా విడిపోతుంది. కాచిన పాల మీద కట్టే మీగడ దీనికి పనికిరాదు, తరకలు తరకలుగా ఉంటుంది, నున్నగా రాదు. తీసిన క్రీముని మరిగే నీళ్ళ గిన్నెలో పెట్టి బాగా వేడెక్కనిచ్చి, చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచాలి. పచ్చిది పిల్లలకి పెట్టొద్దు. మర్నాడు గిన్నె కింద ఐసు ముక్కలు పెట్టుకుని, 50 గ్రాముల చక్కెర పొడి వేసి గిలక్కొట్టాలి.

ఇక్కడ మనకున్న అనుభవం ఏ బేకరీ మాస్టారికీ ఉండదు. క్రీము గిలక్కొట్టడమన్నా వెన్న చిలకడమన్నా మొదలు ఒకటే పని, ఎక్కడ ఆపుతామన్నదే తేడా. మొదట నురగొస్తుంది, తర్వాత చిక్కబడుతుంది, బీటరు తిప్పినచోట గీతలు పడి అలాగే ఉండిపోతాయి. అక్కడ ఆపెయ్యాలి. ఇంకొంచెం తిప్పితే గరగరలాడి, వెన్న పూసలు తేలి, నీళ్ళు విడిపోతాయి. మీ అమ్మనో అత్తనో పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్ళు శబ్దం విని చెప్పేస్తారు. మా ఇంట్లో ఆ డ్యూటీ మా అమ్మది. మిషను అందుబాటులో లేనివాళ్ళు గడ్డపెరుగుని గుడ్డలో మూటకట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో జల్లెడ మీద పెట్టి, చక్కెర కలిపి రాసుకోండి. కాస్త పులుపుంటుంది గానీ మామిడిపండుతో బాగా కుదురుతుంది.

కేకు సంగతి మా ఇంటావిడ చూసుకుంటుంది, ఆవిడ చెప్పిందే రాస్తున్నా. ఫారం గుడ్లు 4, నాటుకోడివి అయితే 5. చక్కెర 120 గ్రాములు, మైదా 120 గ్రాములు. గుడ్లూ చక్కెరా కలిపి, గరిటె ఎత్తితే రిబ్బనులా జారి పైన కాసేపు నిలబడేదాకా గిలక్కొట్టాలి. కరెంటు బీటరుతో ఏడెనిమిది నిమిషాలు. ఆ గాలే కేకుని పొంగిస్తుంది, సోడా అక్కర్లేదు. మైదా జల్లించి మూడుసార్లుగా వేస్తూ, కింది నుంచి పైకి మెల్లగా కలపాలి. గట్టిగా కలిపితే గాలి పోయి దిబ్బరొట్టె అవుతుంది.

ఓవెను లేకపోతే కుక్కరు చాలు. అడుగున వేలెడు మందాన ఉప్పు పోసి, స్టాండు పెట్టి, మూతకి రబ్బరూ విజిలూ తీసేసి పది నిమిషాలు ముందే వేడిచేసుకోవాలి. నెయ్యి రాసిన గిన్నెలో పిండి పోసి సన్నమంట మీద 40 నిమిషాలు. మొదటి అరగంట మూత జోలికి పోకండి. చీపురుపుల్ల కడిగి గుచ్చితే తడి అంటకుండా రావాలి. పూర్తిగా ఆరాకే కోయాలి. కత్తికన్నా దారం మేలు, చుట్టూ వేసి రెండు కొసలూ లాగితే మూడు పొరలుగా చక్కగా తెగుతుంది.

ఒక్కో పొర మీద చక్కెర నీళ్ళు చిలకరించి, క్రీము రాసి, పండ్ల ముక్కలు పరచాలి. మా నూజివీడు వైపు రసాలకి కొదవలేదు గానీ కేకులోకి అవి పనికిరావు, రసం కారి పొరలు జారిపోతాయి. బంగినపల్లి కండ గట్టిగా ఉంటుంది, అదే వాడండి. దానిమ్మ గింజలు, ద్రాక్ష, సపోటా కూడా బాగుంటాయి. ముక్కలు కోశాక శుభ్రమైన గుడ్డ మీద వేసి తడి అద్దాలి. పచ్చి అనాస, బొప్పాయి మాత్రం పాల క్రీములో వేయొద్దు, చేదెక్కుతుంది. ఆ పండ్లలో పాల ప్రొటీనుని విరిచే గుణముంది. అనాస వేయాలనుకుంటే ముక్కల్ని చక్కెరలో ఐదు నిమిషాలు ఉడికించి చల్లార్చి వేసుకోండి.

ఒక మాట ముందే చెబుతున్నా. బేకరీ కేకులా గులాబీలూ బొమ్మలూ దీనిమీద నిలబడవు. మా చిన్నదానికి ఇప్పుడు 9 ఏళ్ళు. మొదటిసారి ఇంట్లో చేసినప్పుడు పువ్వుల్లేవని మూతి ముడిచి, స్నేహితుల్ని పిలవనని మొండికేసింది. కిందటేడు మామిడి ముక్కలు పలచగా కోసి తనే పువ్వులా పేర్చుకుంది. ఆ కేకు ఫొటో ఇప్పటికీ వాళ్ళమ్మ ఫోన్లో మొదటి బొమ్మ.

ఎండాకాలం చేసేవాళ్ళు పొరలు పేర్చాక రెండు మూడు గంటలు ఫ్రిజ్‌లో ఉంచండి. చుట్టాలంతా వచ్చి కూర్చున్నాకే బయటికి తీయండి. మావయ్య ఇంకా బస్సులోనే ఉన్నాడంటే కేకు ఫ్రిజ్‌లోనే ఉండాలి.