రమ్మన్నారు

మనిషిని దగ్గరికి పిలవాలంటే తెలుగులో బోలెడు తీరులున్నాయి. రా, రారా, రావే, రావోయ్, రావయ్యా, రామ్మా, రండి, దయచేయండి. పిలుపు వింటే చాలు, పిలిచినవాడి ఆస్తి, పిలిపించుకున్నవాడి కులం, ఇద్దరి వయసు, చుట్టరికం, నిన్న ఇద్దరికీ మాటపట్టింపు వచ్చిందా లేదా అన్నది కూడా చెప్పేయవచ్చు. అదే పిలుపును మూడోమనిషి మోసుకొస్తే మాత్రం ఇవన్నీ రాలిపోయి ఒక్క ముక్క మిగులుతుంది. రమ్మన్నారు.

'రమ్ము' అని ఈ కాలంలో ఎవరూ ఎవరి మొహం మీదా అనరు. అంటే పౌరాణికం ఆడుతున్నాడనుకుంటారు. ఒకరి మాట ఇంకొకరికి చేర్చేటప్పుడు మాత్రం ఆ పాత రూపం చెక్కుచెదరకుండా ఉంది. రమ్మన్నారు, పొమ్మన్నారు, ఇమ్మన్నారు, కూర్చోమన్నారు. వచ్చేవాడి విషయంలో అందులో మన్ననా లేదు, చిన్నబుచ్చడమూ లేదు.

ఇది ఎంత పనికొచ్చే ఏర్పాటో సుంకరిని అడగాలి. గోదావరికి ఇవతల బూర్గంపాడు వైపు సుంకరి, అవతల భద్రాచలం వైపు తలారి. పేరేదైనా పని ఒకటే, పెద్దల మాటను చిన్నవాళ్ల గుమ్మం దాకా మోయడం. మా తాత చెప్పేవాడు. ఠాణాలో అమీను "వాణ్ని లాక్కురాపో" అని కేకేస్తే, సుంకరి ఊళ్లోకొచ్చి దడి బయట నిలబడి, గొంతు సవరించుకుని, "పెద్దయ్యా, అమీన్‌సాబు రమ్మన్నడే" అనేవాడట. లాక్కురావడం దారిలో ఎక్కడో పడిపోయేది. పెద్దయ్య కండువా దులిపి భుజాన వేసుకుని, పిలిస్తే వెళ్తున్న మనిషిలాగే వెళ్లేవాడు. ఠాణాలో ఏం జరిగేదన్నది వేరే సంగతి. ఊరు దాటేంతవరకు ఆయన మర్యాద ఆయనకుండేది. అలాగని సుంకరి అబద్ధమూ ఆడలేదు. వ్యాకరణం ఇచ్చిన వెసులుబాటును వాడుకున్నాడంతే.

మా చెల్లెలి కూతురు కొరియన్ సీరియళ్లు చూసీ చూసీ, చూసిందంతా వృథా పోకూడదని ఇప్పుడా భాష నేర్చుకుంటోంది. సారపాకలో కూర్చుని సియోల్ యాస పడుతోంది. ఒకరోజు వంటింట్లోంచి వచ్చి "మామయ్యా, అమ్మ నిన్ను ఒరేయొ" అంది. మేనమామని పట్టుకుని ఒరేయ్ ఏమిటే అని నేను కళ్లెర్రజేస్తే పకపకా నవ్వింది. "రమ్మంటోందండీ" అని మర్యాదగా చెప్పడమట అది! అక్కడా ఇదే కథ. స్నేహితుణ్ని 'వా' అని, దుకాణానికొచ్చినవాళ్లను 'ఒసెయొ' అని, సభలో పెద్దలను 'ఒషిప్షియొ' అని పిలుస్తారు. ఎలా పిలిచినా సరే, ఆ పిలుపును ఇంకొకరు చెప్పేటప్పుడు అన్నీ కలిసి 'ఒరాగొ' అయిపోతాయి, అంటే మన 'రమ్మని'. చెప్పిన సంగతికి 'దగొ', అడిగిన ప్రశ్నకి 'న్యగొ', వేసిన ఆజ్ఞకి 'రగొ', వెళ్దాం పద అన్నట్టి మాటకి 'జగొ'. ఈ నాలుగూ పట్టుబడితే ఎదుటివాడి కోసం తగిలించిన మర్యాద తోకలన్నీ కత్తిరించేయవచ్చు. ఇప్పుడు వింటున్నవాడికి ఇవ్వాల్సిన మర్యాద మటుకు చిట్టచివర విడిగా అతికిస్తారు, మనం 'రమ్మన్నారండీ' అని అండీని అతికించినట్టు.

అక్కడి పిల్లలు తరచు చేసే ఒక పొరపాటు గురించి కూడా చెప్పింది. పని చేసేవాణ్ని గౌరవించడానికి కొరియన్లు క్రియ మధ్యలో 'షి' అని దూరుస్తారు. పంతులుగారు పక్కబెంచీ పిల్లాణ్ని పిలిచారనుకోండి. ఆ కబురు చెప్పేటప్పుడు ఈ 'షి' పంతులుగారి 'అనడం'లో పడాలి. అలవాటు చాలక 'రావడం'లో పడేస్తే 'ఒషిరే' అవుతుంది. అంటే పంతులుగారు పిల్లాణ్ని తమరు దయచేయమన్నట్టు. మనకు ఈ చిక్కు రాదు. "సారు నిన్ను రమ్మన్నారు" అన్నప్పుడు గౌరవమంతా 'అన్నారు' దగ్గరే ఆగిపోతుంది. వచ్చేవాడికి ఒక్క చుక్క కూడా అందదు. "తమర్ని దయచేయమన్నారు" అని ఎవరైనా అన్నారంటే అది చాలాసార్లు వెటకారమే.

ఇంకో సంగతి నాకు ఎప్పటినుంచో వింతగా ఉంటుంది. వాడు నాతో అన్న మాటలోని 'రారా'ని కడిగేసే ఈ భాషే, వాడు తన గురించి అన్నదాన్ని మాత్రం పచ్చిగా ఉంచేస్తుంది. "వాడు రేపు వస్తానన్నాడు." వచ్చేది వాడు, చెబుతున్నది నేను, మధ్యలో ఉన్న 'వస్తాను' మాత్రం వాడి నోట్లోంచి ఊడిపడినట్టే ఉంది. నాకివ్వాల్సిందో ఇవ్వకూడనిదో అయిన మర్యాదను కబురు మోసేవాడు సర్దుతాడు. వాడి నోటి 'నేను' జోలికి మాత్రం పోడు.

ఇంట్లో ఈ సర్దుబాటు చూడాలంటే కోడళ్ల దగ్గర చూడాలి. ఇరుగమ్మతో "మావారు రాత్రికి వస్తానన్నారు" అన్న పిల్లే, లోపలికొచ్చి అత్తగారితో "మీ అబ్బాయి రాత్రికి వస్తానన్నాడు" అంటుంది. మనిషొకడే, మాట ఒకటే, గడప దాటేసరికి 'అన్నారు' కాస్తా 'అన్నాడు' అయింది. కన్నతల్లి ముందు కొడుకును పెద్ద చేయకూడదు మరి. కొరియాలోనూ తాత దగ్గర తండ్రి మాట ఎత్తేటప్పుడు తండ్రికి గౌరవం తగ్గించే కట్టుబాటు ఉందట. ఆఫీసుల్లో ఇప్పుడది బాగా సడలిందట. మా వైపు అత్తగార్లు ఇంకా సడలలేదు.

మా వైపు అంటే ఏ వైపు అని అడిగితే చెప్పడం అంత తేలిక కాదు. భద్రాచలాన్ని నిజాం 1860లో ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. కొన్నేళ్లు సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకి మారింది. 1959లో తూర్పుగోదావరి నుంచి తీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో పోలవరం ముంపు పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రకు వెళ్లి, గుడీ పట్నమూ తెలంగాణలో ఉండిపోయాయి. 2016లో కొత్త జిల్లా వచ్చింది. వచ్చిన ప్రతి సర్కారూ తన మర్యాదలు కొన్ని వదిలిపోయింది. నిజాం వాళ్లవి సాబు, పటేలు. తూర్పుగోదావరి వాళ్లది అండీ. అన్నిటికీ పైన ఇంగ్లీషు సార్. ఇక దొర అన్న మాట గతి విచిత్రం. మైదానంలో భూమంతా తనదైనవాడు దొర, అడవిలోకొస్తే కొండదొరలని ఒక తెగ పేరే అది. పట్నంలో చెయ్యి చూసి వేరుముక్క ఇచ్చేవాడు కోయదొర.

గోదావరి వంతెనకి ఆ కొసా ఈ కొసా మాట పట్టింపులు కూడా ఇక్కణ్నుంచే. ఖమ్మం పల్లెల్లో పిల్లలు "సారు వచ్చిండు" అంటారు. విజయవాడ వైపు నుంచి వచ్చిన పంతులు అది విని నొచ్చుకుంటాడు, 'వచ్చారు' అనలేదని. పిల్లలకు సారులోనే మర్యాదంతా ఉంది, క్రియ దాకా దాన్ని లాగాల్సిన పని కనబడదు. పంతులమ్మలకైతే నొచ్చుకునే వీలు కూడా తక్కువ. తెలుగులో మేడమూ వచ్చింది, మేకా వచ్చింది. ఆ గుంపులోంచి బయటపడాలంటే 'వచ్చారు' అని బహువచనానికి ఎగబాకాలి. కోయ, గోండీల్లో ఆ దారీ లేదు. అక్కడ బహువచనంలో కూడా ఆడవాళ్లది మగవాళ్లతో కలవని లెక్క.

కోయల సంగతి కాస్త నిదానంగా చెప్పాలి. గోదావరి ఒడ్డు గొమ్ము కోయ పెద్దవాళ్లు తెలుగు మాట్లాడినా చాలామంది అందరినీ నువ్వనే అంటారు. కలెక్టరునీ నువ్వే, కల్లుగీసేవాణ్నీ నువ్వే. వినేవాళ్లు దీన్ని అమాయకత్వమని ముచ్చటపడతారు, లేదా మొరటుతనమని ముఖం చిట్లిస్తారు. రెండూ తప్పేనంటాను. ఆ నువ్వులో తలవంచడం లేదు, తలెగరేయడమూ లేదు.

ఏజెన్సీలో ఒక సర్కారు కచేరీలో నేను చూశాను. దుమ్ముగూడెం వైపు నుంచి వచ్చిన పెద్దాయన, తలకు తుండుగుడ్డ, చేతిలో నాలుగు మడతల కాగితం. అధికారి కళ్లలోకి చూస్తూ కోయలో రెండే ముక్కలు చెప్పాడు. బోరు చెడిపోయింది, నువ్వొచ్చి చూడు. అంతే. పక్కనున్న కుర్రాడు తెలుగు చేశాడు: "బోరు చెడిపోయిందట సార్. తమరు ఒకసారి వచ్చి చూడాలని వేడుకుంటున్నాడు సార్." వేడుకోవడం పెద్దాయన నోట్లో లేదు. తమరూ లేదు. ఆ రెండు 'సార్'లు ఎక్కడివో కుర్రాడికే తెలియాలి. పైగా రోజూ ఆ బోరు కొట్టే మనిషి చెడిపోయిందంటే, అది 'చెడిపోయిందట' అయింది. గుమాస్తా కాగితం మీద ఇంకో మెట్టు దిగింది: 'చెడిపోయినట్లు చెప్పుచున్నారు.' కళ్లారా చూసిన సంగతి మూడు నోళ్లు మారేసరికి పుకారైపోయింది. ఇవ్వని మర్యాదను అధికారికి అంటగట్టి, ఉన్న నిజాన్ని పెద్దాయన దగ్గర్నుంచి లాక్కున్నారు. సుంకరి చేసిన పనే కుర్రాడూ చేశాడు, కాకపోతే తిరగేసి. కోపం కుర్రాడి మీద కాదు నాకు. వాడికి ఆ గదిలో అలాగే మాట్లాడాలని ఎవరో ఎప్పుడో నేర్పి ఉంటారు.

చుట్టరికాల విషయంలో మాత్రం వినేవాణ్ని బట్టి కోయలు మాట మార్చడాన్ని చాలాకాలం కిందటే ఒకాయన పట్టుకున్నాడు. స్టీఫెన్ టైలర్ అని అమెరికన్ మానవశాస్త్రవేత్త. కోయల వరస పిలుపుల మీద 1966లో 'అమెరికన్ ఆంత్రోపాలజిస్ట్' పత్రికలో వ్యాసం రాశాడు. మూడేళ్ల తర్వాత గొమ్ము కోయ మాటకు వ్యాకరణం అచ్చేశాడు. అప్పటిదాకా పండితులు ఒక తెగకు ఒకే వరసల పట్టిక గీసి ఊరుకునేవారు. ఈయన మాత్రం అలా కుదరదన్నాడు. ఒకే చుట్టాన్ని ఇంట్లో ఒకలా, పరాయివాళ్ల ముందు ఇంకోలా, తెలుగులో పడ్డాక మరోలా చెబుతారనీ, ఎవరు వింటున్నారో చూడకుండా వరస చెప్పలేమనీ తేల్చాడు. మా అత్తాకోడళ్లను చూసినా ఆయనకు ఇదే తేలేది, కాకపోతే అంత దూరం వచ్చాడు కాబట్టి అడవిలోకి వెళ్లాడు.

ఇక ఆ 'అట' సంగతి. కచేరీలో నష్టం చేసిన ఆ ముక్కే అడవిలో ప్రాణం కాపాడిన రోజులున్నాయి. 1980ల తర్వాత ఈ పల్లెల్లో అన్నలు అంటే తోడబుట్టినవాళ్లు కారు, నక్సలైట్లు. తుపాకీ పట్టుకున్నవాడికి వరస పెట్టి పిలవడం మర్యాదా, భయమా, అభిమానమా అంటే మూడూ అనుకోవచ్చు. వాళ్లు వచ్చి వెళ్లిన మర్నాడు పోలీసులొచ్చి ఎవరొచ్చారని అడిగితే "ఎవరో వచ్చిన్రట" అని జవాబు. చూశావా అంటే, "వచ్చిన్రట సారూ." అన్నం వండి పెట్టిన చేతులు ఇంకా ఆరలేదు, అయినా అట. వాళ్లని అన్నలు, వీళ్లని సారు. ఇద్దరికీ ఇవ్వాల్సిన గౌరవం ఇద్దరికీ ముట్టింది. చూసిన సంగతి మాత్రం ఎవరికీ ముట్టలేదు. కొరియన్‌లోనూ ఇలాంటి తోకొకటి ఉంది, 'దే' అని. "వస్తారటండీ"ని 'ఒందేయొ' అంటారు. సీరియళ్లలో దాన్ని ఎక్కువగా పెళ్లి కబుర్లకు వాడతారని మా పిల్ల చెప్పింది. అదృష్టవంతులు.

భద్రాద్రి గుడి కథంతా అట మీదే నడుస్తుంది. పోకల దమ్మక్క అనే అడవి మనిషికి రాముడు కలలో కనబడ్డాడట. ఫలానా పుట్టలో ఉన్నాను, బయటికి తీయమన్నాడట. ఆమె గోదావరి నీళ్లు తెచ్చి పోసి పుట్ట కరిగించిందట. తీయవే అన్నాడో, తీయమ్మా అన్నాడో, అసలు ఏ భాషలో అన్నాడో కథ చెప్పదు. 'తీయమన్నాడు' అంటుంది, అంతే. ఇప్పుడు అదే గుడి మైకులో రాముడు స్వామివారు, సీతమ్మ అమ్మవారు. కల్యాణం రోజున తలంబ్రాలు కూడా స్వామివారివే.

వాటన్నిటికీ పక్కన రామదాసుగా పేరుపడ్డ కంచర్ల గోపన్న ఒక్కడున్నాడు. నేలకొండపల్లి మనిషి, పాల్వంచ పరగణాకి తహసీల్దారు, అంటే సాక్షాత్తూ సుంకర్లను పంపే ఉద్యోగం. సర్కారు సొమ్ముతో ఆ గుడి కట్టించి గోల్కొండ ఖైదులో పడ్డాక, 'నను బ్రోవమని చెప్పవే' అని సీతమ్మ చేత కబురు పంపాడు. రాముణ్ని మాత్రం నేరుగా నువ్వు అనే అన్నాడు. ఏ నగకెంతయిందో పద్దు చదివి మరీ తిట్టాడు, తర్వాత తిట్టినందుకు ఏడ్చాడు. బాకీ సొమ్ము పట్టుకుని గోల్కొండ ఏలే తానీషా దగ్గరికి రాముడూ లక్ష్మణుడూ వెళ్లినప్పుడు వాళ్ల పేర్లు రామోజీ, లక్ష్మోజీ అయ్యాయని కథ. గోపన్న నౌకర్లమని చెప్పుకున్నప్పుడు తగిలింది వాళ్లకి ఆ జీ. రామమాడలు ముందు పోసి, రసీదు ఇమ్మన్నారట. ఇవ్వండి అన్నారో, ఇవ్వు అన్నారో హరికథ చెప్పే దాసుగారిని ఒకసారి అడిగాను. "ఇమ్మన్నారు నాయనా" అని చిడతలు అందుకున్నాడు.